ఇంటి బోరు నీళ్ళ కూర

ఊట్లకుంట
21 జూన్ 1999, సోమవారం

తమ్ముడు జంగయ్యకు,

మొన్న శనివారం పొద్దుగూకే యాల్లకు వాన పడ్డది. ఈ ఏడు మొదటి వాన. గంట సేపు పడి ఊకున్నది గాని నేల బాగనే తడిసింది. నిన్నంత నేను, మీ బావ ఇంటి ముందర జాగ తవ్వినం. నీ ఇల్లు కట్టిన మేస్త్రీ మిగిలిన కంకర, సిమెంటు పెచ్చులు అన్నీ అక్కడనే పూడ్చిపెట్టి పోయిండు. గడ్డపార ఏసినకొద్దీ ఖంగుమంటది. మీ బావ నడుం పట్టుకొని కూసున్నడు. "ఏం పటేలా, గంటకోసారి కూసునుడేంది" అని నేనంటే, "నీ తమ్ముడు ఇల్లు కావలుండుమన్నడా, కంకర ఏరుమన్నడా?" అన్నడు.

ఈయాల పొద్దుగాల ఆరు మడులు కట్టిన. రెండింటిల కొయ్యగూర చల్లిన. తక్కిన వాటిల పాలకూర, మెంతి, కొత్తిమీర, గోడ దిక్కు పుంటికూర. కొయ్యగూర ఇత్తనం మా అత్తగారి ఊరిది. ఆవాల కన్న సన్నగుంటది కదా, పిడికెడు ఇసుకల కలిపి చల్లిన. లేకపోతే అంత ఒక్క తావునే పడ్తది. ధనియాలు చెప్పు కింద ఏసి నలిపిన. మీ బావ బోరు మోటరు ఏసి పైపు పట్టిండు.

మేము ఈడికి వచ్చి నెలా పది దినాలు. నువ్వు గుజరాత్ పోయినంక ఇల్లు తాళమేసి ఉంటే పాడైతదని పిలిచినవ్ గాని, అది మాకే మంచిగయింది. మేము కౌలుకు చేసిన భూమి పటేలు ప్లాట్లు చేసి అమ్ముకున్నంక అక్కడ మాకు పనేంది? ఇక్కడ చారెడు నేల ఉన్నది, నీళ్ళున్నయి. తాగే నీళ్ళు పంచాయతి నల్లకు దినం తప్పి దినం వస్తయి. తక్కినదానికంత నీ బోరే.

పక్కింట్ల ఆంధ్ర నుంచి వచ్చినోళ్ళు దిగిండ్రు. ఆయన బుల్లిబాబు, బ్యాంకుల చేస్తడు. ఆమె శేషారత్నం. మనిషి కనబడకముందే మాట వినబడ్తది.

ఎస్టీడీల మాట్లాడుదమంటే నాకు మీటరు మీదనే సూపు ఉంటది, మాట రాదు. అందుకే రాస్తున్న. నా ఏడో తరగతి చదువు ఇట్లనన్న పనికి రానియ్యి. మరదలు ఎట్లున్నది? అక్కడ జొన్నరొట్టె దొరుకుతదా?

మీ బావ నీ క్షేమం అడిగిండు.

నీ అక్క
శంకరమ్మ


వాపి, గుజరాత్
3 జులై 1999

అక్కకు, బావకు జంగయ్య దండాలు.

నీ ఉత్తరం అందింది. ఇక్కడ వాన మొదలైతే ఆగుడు లేదు. నాలుగు దినాల నుంచి బట్టలు ఆరలేదు. మీ మరదలు ఇస్త్రీపెట్టెతోని ఆరబెడుతున్నది. మా కంపెనీ ఇక్కడ పెట్టిన కొత్త యూనిట్‌ల నాకు షిఫ్ట్ సూపర్‌వైజర్ పని. నా కింద పద్నాలుగు మంది. గుజరాతీ ఇంకా రాలేదు గాని తిడితే మాత్రం అర్థమైతుంది. జొన్నరొట్టె దొరుకుతది, మన లెక్క ఉండదు.

అక్కా, ఒక్క మాట. ఇంట్ల కూరాకు పెట్టకు. క్రోటన్లు పెట్టు. మేడ్చల్ రోడ్డు మీద నర్సరీలు ఉన్నయి. పసుపు చుక్కలవి, ఎర్రాకువి, రెండు రకాలు తీసుకో. గోడ పొంటి కత్తిరిస్తే సమానంగ పెరిగే కంచె మొక్కలు పెట్టు. గేటు మీదికి కాగితంపూల తీగ, మూలకు నందివర్ధనం. ఎట్లుండాలెనో తెలువాలంటే మన ఊర్ల మా పాత కంపెనీ గేటు లోపలి తోట చూడు. అది నేనే దగ్గరుండి ఏయించిన. వాటికి చాకిరి తక్కువ, తెగులు రాదు, ఏ నీళ్ళయినా తాగుతయి.

మొలిచిన కూర పీకెయ్యి. మొక్కలకు పైసలు బావ పేర మనియార్డర్ చేస్త. కూరగాయలకు తిప్పలు పడకు. పక్క గల్లీల లక్ష్మణ్ ఆటో దినాం మేడ్చల్ పోతది, దాంట్ల పోయి కొనుక్కొని రావచ్చు.

బావ నడుముకు జండూబామ్ రాయి.

జంగయ్య


ఊట్లకుంట
14 జులై 1999

తమ్ముడు జంగయ్యను అక్క దీవించి రాసేది,

కూర మొలిచింది. మంచిగ ఆకేసింది. నువ్వు పీకుమన్నవ్, నాకు చెయ్యి రాలే.

మూడు దినాల సంది ముసురు. మోటరుతోని పని పడలే. కొయ్యగూర ఎర్రగ, నీటుగ లేచింది. పుంటికూర జానెడు అయింది. శేషారత్నమ్మ గోడ మీదికెల్లి చూసి, "ఏవండీ శంకరమ్మగారూ, ఈ గోంగూర మాకేమైనా దక్కుతుందా, చూసి చొంగ కార్చుకోవడమేనా?" అన్నది. "గోంగూర కాదమ్మా, పుంటికూర" అన్న. "పేరు మీది, పులుపు నాది. ఎదిగాక నాలుగు కట్టలు ఇటు పడేయండి" అన్నది. కొయ్యగూరను ఆమె తోటకూర అంటది. నేను కొయ్యగూర అంటే, "కొయ్యని ఎలా తింటారండీ!" అని నవ్వింది. మనిషి మంచిదే.

ఇగ నువ్వు రాసిన సంగతి. నేనొకటి అడుగుత, కోపం జేయకు. నువ్వు చిన్నప్పుడు మెంతికూర లేనిదే అన్నం ముట్టకపోదువు. గిప్పుడు కూరాకు వద్దు, క్రోటన్లు పెట్టు అంటున్నవ్. క్రోటన్లు తింటమా? కాలనీల అందరు ఉద్యోగస్తులు. ఇంటి ముందర మీ అక్క బురదల కూసొని కూర కట్టలు కట్టుడు నీకు నామోషీ అయితాందా? మీ బావ గదే అంటున్నడు. "ఆడు సూపర్‌వైజరు, ఆయన ఇంటి ముందర కూరగాయల దుకాణం ఏంది" అంటున్నడు.

సీదా చెప్పు. నామోషీ అయితే నేను బాధపడ. ఇల్లు నీది. అది కాక వేరేదేమన్న ఉంటే గదన్న చెప్పు. ఏదో ఒకటి తెలిస్తెనే చెయ్యి లేస్తది.

మనియార్డర్ అందింది. అట్లనే దాసిపెట్టిన.

శంకరమ్మ


వాపి
26 జులై 1999

అక్కా,

అవును. నామోషీనే.

నువ్వే అడిగినవ్ కాబట్టి రాస్తున్న. కాలనీల నా పేరు తెలిసినోళ్ళు ఉన్నరు. పాత కంపెనీ ఆఫీసర్లు ఆ తొవ్వల పోతరు. ఇల్లు చూసి ఇది జంగయ్యది అంటరు. ముందర కూర మడులు, ఎరువు కుప్ప ఉంటే ఏమనుకుంటరు? ఇట్ల రాస్తున్నందుకు సిగ్గుగున్నది. అయినా నిజం అడిగినవ్, చెప్పిన.

పీకెయ్యి అక్కా. జల్దీ పీకెయ్యి. తిన్నదేదో తిన్నరు.

డ్యూటీ టైం అయింది.

జంగయ్య


ఊట్లకుంట
20 ఆగస్టు 1999, శుక్రవారం

తమ్ముడు జంగయ్యకు,

నీ ఉత్తరం చదివినంక నాల్గు దినాలు మడుల దిక్కు పోలే. కోపం నీ మీద కాదు. ఇన్నేండ్లకు నా తమ్ముని ఇంట్ల ఉండి ఆని ఇజ్జత్ నేనే తీస్తున్ననా అని నాకే సిగ్గయింది. ఇంకొకడయితే పొమ్మంటుండె. నువ్వు సంజాయించి రాసినవ్.

నువ్వన్నట్టే చేసిన. లక్ష్మణ్ ఆటోల పోయి పద్దెనిమిది క్రోటన్లు, ఇరవై కంచె మొక్కలు, ఒక నందివర్ధనం తెచ్చిన. నర్సరీ ఆయన "అమ్మా, మీ సారు ఏం జేస్తడు" అన్నడు. మా తమ్ముడు సూపర్‌వైజర్ అని చెప్పిన. ముందరంత క్రోటన్లే. తొవ్వల పోయేటోళ్ళు చూస్తున్నరు. నీ ఆఫీసర్లు వచ్చినా ఇగ ఏం అనరు.

కూర మడులు ఇంటి ఎనుకకు మార్చిన. అక్కడ ఎవ్వరికి కనబడదు. బోరు కూడ అక్కడనే ఉన్నది కదా, పైపు గుంజే పని తప్పింది. ముందటికన్న ఎక్కువనే పెట్టిన. పది మడులు. మా ఎంట తెచ్చుకున్న బర్రెకు గడ్డి గూడ ఆ నీళ్ళ మీదనే పెంచుతున్న. ముందర నీ ఇజ్జత్, ఎనుక మా కడుపు. రెండు నిలబడ్డయి.

కాలనీల ఆరేడు ఇండ్లోళ్ళు ఎనుక గోడ కాడికొచ్చి తీసుకపోతరు. పట్నంల మోరి నీళ్ళతోని కూర పండిస్తరని వాళ్ళకు భయం. నేను, "ఇది ఇంటి బోరు నీళ్ళ కూర, మా తమ్ముని బోరు" అని చెప్త. గా మాట వింటే ఇగ అడుగరు.

శేషారత్నమ్మ బిడ్డ హర్షిత తొలి కాన్పుకు వచ్చింది. ఏడో నెల. సన్నగ, పూల కొమ్మ లెక్క ఉన్నది. రక్తం తక్కువున్నది, దినాం ఆకుకూర తినుమని డాక్టరు చెప్పిందట. వాళ్ళమ్మ ఒకనాడు పాలకూర, ఒకనాడు తోటకూర. "అమ్మా, నేను మేకనా?" అంటది ఆ పిల్ల. పైసలిస్తే నేను తీసుకోలే.

మడి గట్ల మీద తెల్లగ ఉప్పు లెక్క పేరుతాంది. ఎన్నడు చూడలే. కొత్త మట్టి కదా అని మీ బావ అంటున్నడు. కందిపప్పు బోరు నీళ్ళల్ల ఉడుకుతలేదు, నల్లా నీళ్ళు పోస్తున్న.

మరదలును అడిగిన అని చెప్పు. వచ్చేటప్పుడు ముందర క్రోటన్లు చూసి మురుస్తది.

నీ అక్క


వాపి
5 సెప్టెంబర్ 1999

అక్కా,

ఎనుక కూడ వద్దు. ముందర వద్దంటే ఎనుక పెట్టుమని నేను చెప్పిన్నా? ఆ బోరు మోటరు పాతది, ఎక్కువ నడిపితే కాలుతది. మోటరు బంద్ పెట్టుమని బావకు చెప్పు. బర్రెకు కూడ నల్లా నీళ్ళే పెట్టు.

పక్కింటి పిల్లకు కూర ఇయ్యకు. దాని గురించి నన్ను అడుగకు. అక్క అనేదానివి అయితే ఈ ఒక్క మాట ఇను. వాళ్ళకు ఇయ్యకు.

ఇక్కడ అంత మంచిదే.

జంగయ్య


ఊట్లకుంట
24 సెప్టెంబర్ 1999, శుక్రవారం

జంగయ్యా,

వాన పోయింది. ఎండ మండుతాంది. పది దినాల సంది రాద్దమనుకొని రాయలే.

ముందుగాల నీ మాటకు జవాబు. పక్కింటి పిల్లకు ఎందుకియ్యద్దు? వాళ్ళు ఆంధ్రోళ్ళనా? పెద్ద నౌకరి వచ్చినంక నీకు గిట్లాంటి ఆలోచనలు కూడ వచ్చినయా? నాయిన ఉంటే చెంప మీద కొడుతుండె. కడుపుతోని ఉన్న పిల్లకు ఆకు పెట్టద్దని ఎవడన్న రాస్తడా? ఆ ఉత్తరం మీ బావకు కూడ సూపియ్యలే, సిగ్గయి. ఆ మాట నేను ఇనలే. ఇచ్చిన.

ఇగ మా సంగతి. బర్రె ఈచుకపోయింది, కడుపుల దూడ పోయింది. అయిదో నెల. మీ బావ రెండు దినాలు అన్నం తినలే.

తర్వాత మొన్న బుధవారం పొద్దుగాల శేషారత్నమ్మ మా గేటు కాడికొచ్చింది. చేతిల నేనిచ్చిన కూర కట్టలు. నా కాళ్ళ ముందర పడేసింది. "ఏం నీళ్ళండీ ఇవి? మా అమ్మాయికి నోరంతా పొక్కింది. వాసన చూడండి, మందుల షాపు కంపు కొడుతోంది. మురుగు నీళ్ళు పెట్టి ఇంటి బోరని చెబుతారా? కడుపుతో ఉన్న పిల్లండీ!" అన్నది. ఎదురింటోళ్ళు, మూలింటోళ్ళు అందరు బయటికొచ్చిండ్రు. బుల్లిబాబు "రత్నం, లోపలికి రా" అంటనే ఉన్నడు, ఆమె ఇనలే.

నేను ఒకరి కడుపు కొట్టేదాన్ననా? "నా తమ్ముని బోరు నీళ్ళమ్మా ఇవి, నువ్వే చూడు" అని మీ బావతోని మోటరు ఏయించిన. ఇత్తడి చెంబు నిండ పట్టి అందరి ముందర తాగిన. మొత్తం తాగిన, అడుగు దాక. గొంతు మండింది. పైకి కనబడనియ్యలే. చెంబు బోర్లించి చూపెట్టిన.

అందరు ఇండ్లల్లకు పోయిండ్రు. సాయంత్రం శేషారత్నమ్మ తనే వచ్చింది. "పిల్ల బాధ చూడలేక నోరు జారాను, మనసులో పెట్టుకోకండి. వేడి చేసి పొక్కిందేమో" అని నాలుగు కట్టల పాలకూర తీసుకపోయింది. మల్ల దినాం తీసుకపోతాంది. నా మాట నిలబడ్డది. నీ బోరు మాట కూడ నిలబడ్డది.

నువ్వు నన్ను చూసి నామోషీ పడ్డవ్, నేనేమనలే. వాళ్ళను చూసి గట్ల అనుడు మాత్రం నాకు నచ్చలే.

శంకరమ్మ


వాపి
4 అక్టోబర్ 1999

అక్కా,

నీ ఉత్తరం ఒకటో తారీఖు అందింది. రెండు దినాలు డ్యూటీకి పోలేదు. కాలనీ ఎస్టీడీ బూత్ నంబరు నా దగ్గరున్నది. రెండుసార్లు చేసిన. ఆయన "ఎవర్ని పిలువాలె" అనంగనే పెట్టేసిన. నోటితోని చెప్పలేను కాబట్టి రాస్తున్న. చదివినంక బావకు చూపియ్యి.

ముందు ఇది చెయ్యి. ఆ నీళ్ళు ఎవ్వరు ముట్టొద్దు. కూరంత పీకి పారెయ్యి. పక్కింటి పిల్ల తినొద్దు. నువ్వు దవాఖానకు పో.

నామోషీ అని రాసింది అబద్ధం. ఆ మాట నువ్వే నా చేతికిచ్చినవ్. నేను పట్టుకున్న. అక్కను చూసి సిగ్గుపడేటోడు అని నువ్వు అనుకున్నా పర్వాలేదు, అసలు సంగతి తెలువకుంటే చాలు అనుకున్న.

మన మూడెకరాలల్ల ఎకరం కంపెనీకి అమ్మితేనే నాకు నౌకరి వచ్చింది, నీకు తెలుసు. ఆ ఎకరంల నాయిన ఏయించిన బోరు ఉండె. మూడు వందల ఫీట్లు పోయినా సుక్క రాలేదు. ఫెయిలైన బోరు అని మూతేసి ఇడిసిపెట్టినం. 96ల కంపెనీల మందులు చేయంగ వాడేసిన నీళ్ళు ఎక్కువైనయి. శుద్ధి చేసేకాడికి ట్యాంకర్‌ల పంపాలె, అది దూరం. మేనేజర్ నన్ను పిలిచి, "నువ్వు ఈ ఊరోనివి కదా, ఇక్కడనే ఇడిసే జాగ ఏమన్న ఉన్నదా?" అన్నడు. నేను నాయిన బోరు చూపెట్టిన. నన్ను ఎవ్వరు బలవంతపెట్టలేదు. బెదిరియ్యలేదు. అడిగిన అయిదు నిమిషాలల్ల చెప్పిన. మంచి తెలివి చెప్పిన అని ఆ దినం సంబరపడ్డ.

వాన పడే దినం చూసి పైపు పెట్టి బోరులకు ఇడిసెటోళ్ళం. వానల వాసన తెలువది. రెండేండ్లు ఇడిసినం. నీళ్ళు రాని బోరు ఎంత పోసినా తాగింది. తర్వాత ఊర్ల ఒకరిద్దరి బాయిలల్ల నురగ లేస్తున్నదని మాట వచ్చింది. బోరు మీద బండ పరిచి, మట్టి పోసి, తోట పెట్టుమన్నరు. నిన్ను పోయి చూడుమన్న క్రోటన్లు గవే. వాటి కింద నాయిన బోరున్నది. పెట్టించింది నేనే.

ఆ తర్వాతనే నాకు ప్రమోషన్ వచ్చింది, ఈ ఇల్లు కట్టిన. ఇంటి బోరు ఏసినప్పుడు నీళ్ళు జల్దీ పడ్డయని అందరు కొబ్బరికాయ కొట్టిండ్రు. నేను దోసిట్ల పట్టి వాసన చూసి, మేము ఇడిసిన నీళ్ళే భూమి కింద ఇక్కడి దాక వచ్చినయని తెలుసుకున్న. మేమున్న ఆర్నెల్లు ఆ జాగల ఒక్క మొక్క పెట్టలేదు. మిమ్ములను పిలిచినప్పుడు, తాగేటివి నల్లా నీళ్ళే కదా అనుకున్న. మట్టి కనబడితే నువ్వు ఊకోవని నాకు తెలుసు. తెలిసి కూడ అటు ఆలోచన పోనియ్యలేదు.

పక్కింటోళ్ళు ఏ ఊరోళ్ళయినా నాకేం లేదు. ఆ పిల్ల సంగతి చదివినప్పుడన్న నిజం రాయాలె. మోటరు కాలుతదని రాసిన.

ఏం చెయ్యుమంటవో చెప్పు.

జంగయ్య


ఊట్లకుంట
14 అక్టోబర్ 1999, గురువారం

జంగయ్యకు,

ఉత్తరం సోమవారం అందింది. గేటు కాడ నిలబడే చదివిన. మీ బావకు ఇచ్చిన. ఆయన చదివి మడతపెట్టి నాకిచ్చి, బయటికి పోయి మోటరు ఫ్యూజులు పీకేసిండు.

పది మడులు ఇద్దరం పీకినం. బర్రె తినకుండ గుంత తీసి పూడ్చినం. తర్వాత నేను ఇంటింటికి పోయిన. ఏడిండ్లు. ప్రతి ఇంట్ల అదే మాట చెప్పిన. మా తమ్ముని బోరు నీళ్ళు మంచియి కావు, నేను తెలువక ఇచ్చిన, ఇగ తినకండ్రి అని. ఇద్దరు తిట్టిండ్రు. ఒకామె కూసో అని కుర్చీ ఏసింది. తిట్టినోళ్ళ ఇంట్లనే నయమనిపించింది.

శేషారత్నమ్మ ఇంటికి ఆఖరుకు పోయిన. మొత్తం ఇని తిట్టలే. "మీరు తాగారు కదండీ. మీరు తాగి చూపించారనే కదండీ నేను మళ్ళీ వండాను" అన్నది. తలుపు ఏసుకున్నది. నేను తాగినంక ఆ పిల్ల ఇంకా పంతొమ్మిది దినాలు తిన్నది. నీకు నా ఉత్తరం ఒకటో తారీఖు అందింది. నువ్వు నాలుగో తారీఖు రాసినవ్. పంతొమ్మిదిల ఆ మూడు నీవి.

నాకు నోట్ల పుండ్లు అయినయి. తగ్గుతున్నయి. దవాఖానల మందిచ్చిండ్రు. హర్షితను మేడ్చల్ కాదని పట్నం పెద్ద దవాఖానకు తీసుకపోయిండ్రు. ఏమైందో ఎవ్వరు నాకు చెప్తలేరు. అడిగే ముఖం లేదు.

ఊర్ల బతుకమ్మ ఆడుతున్నరు. నేను పోలే.

ఏం చెయ్యాలె అని అడిగినవ్. సర్పంచ్ సిద్దిరాములు దగ్గరికి నేను, మీ బావ పోయినం. నీ ఉత్తరం సదివి ఇనిపియ్యుమంటే నేనే సదివిన. నాయిన బోరు అనే కాడ ఒకసారి ఆగిన. ఆయన కాలుష్యం ఆఫీసుకు దరఖాస్తు పెట్టిండు. ముందే నురగ బాయిల మీద కాయితాలు పోయి ఉన్నయట, జల్దీ తారీఖు ఇచ్చిండ్రు. నవంబర్ పదహారు, మంగళవారం, పొద్దున పదిన్నరకు వస్తరు. కంపెనీ లోపలికి వాళ్ళతోని పోవచ్చు. కాని బోరు ఎక్కడున్నదో ఖచ్చితంగ చూపెట్టేటోడు ఉండాలె. కంపెనీ వాళ్ళు అసలు బోరే లేదు అంటున్నరు. చెట్లు కొట్టి, గోడలు కట్టి, నేల ఎత్తు పెంచినంక నాకు నాయిన చేను గుర్తు దొరుకుతలేదు. అక్కడ తోట పావు ఎకరం ఉన్నది. దొరకకపోతే లేదని రాసుకొని పోతరు. ఊరు అట్లనే ఆ నీళ్ళు వాడుకుంటది.

తెలిసినోనివి నువ్వు ఒక్కనివే. వస్తవా, రావా? ఒక్క మాట రాయి.

శంకరమ్మ


వాపి
25 అక్టోబర్ 1999

అక్కా,

వస్త.

ఆ బోరు నేను కండ్లు మూసుకొని చూపెట్టగలను. గేటు నుంచి అడుగులు లెక్క పెట్టి ఉంచుకున్న. ఎందుకు పెట్టుకున్ననో తెలువది. కాయితం మీద రాస్తే ఎవరి చేతిల పడ్తదో అని రాస్తలేను. వచ్చి చూపెడ్త.

నౌకరి పోతది. పోనీ. మీ మరదలుకు చెప్పిన. ఏడ్చింది. పొమ్మన్నది. పద్నాలుగు నాడు రైలెక్కుత. పదహారు పొద్దుగాల సికింద్రాబాద్‌ల దిగి, మేడ్చల్ బస్సు ఎక్కుత. ఎనిమిదిన్నర లోపల మేడ్చల్ బస్టాండుల ఉంట. ఇంటికి రాను, సీదా కంపెనీ గేటు కాడికే వస్త. పక్కింటోళ్ళు కనబడ్తరు.

నీ ముందట నిలబడుడు కూడ నాకు కష్టమే. అయినా వస్త.

జంగయ్య


ఊట్లకుంట
17 నవంబర్ 1999, బుధవారం

జంగయ్యకు,

నిన్న పొద్దుగాల చలి ఉండె. మబ్బు లేదు. మీ బావ, నేను ఆరింటికే లేచి ఊడ్చుకున్నం. నిన్ను తీసుకరమ్మని లక్ష్మణ్‌ను ఏడింటికే ఆటోల పంపిన. రైల్ల వచ్చి ఆకలిగుంటవని జొన్నరొట్టె చేసి బట్టల కట్టి ఇచ్చిన.

హర్షితకు ఈ నెల నాలుగున ఆడపిల్ల పుట్టింది. కిలో ఎనిమిది వందలు. ఇంక అద్దాల పెట్టెలనే ఉన్నది. దేనితోని అట్లయిందో డాక్టరు చెప్పలే. చెప్పలేమన్నరట. బుల్లిబాబే నాకు చెప్పిండు, గోడ అవతలికెల్లి, నా దిక్కు చూడకుండ. వాళ్ళు పేట్ బషీరాబాద్‌ల కిరాయి ఇల్లు చూసుకున్నరు. నెలాఖరుకు పోతరు.

ఆఫీసరోళ్ళు ముగ్గురు జీపుల వచ్చిండ్రు. ఊరోళ్ళు నలభై మంది దాక అయిండ్రు. శేషారత్నమ్మ కూడ వచ్చి దూరంగ నిలబడ్డది. కంపెనీ మేనేజర్ కుర్చీలు ఏయించిండు, చాయ్ తెప్పిచ్చిండు. మేము ముట్టలే. "చూపించేటాయన ఏడమ్మా?" అని పెద్దాఫీసరు నన్ను అడిగిండు. తొవ్వల ఉన్నడు సార్ అన్న. పదకొండున్నర దాక మూడుసార్లు అడిగిండు. మూడుసార్లు అదే చెప్పిన. అప్పటికి లక్ష్మణ్ వచ్చిండు, ఒక్కడే. ఆటో దిగి నా దిక్కు చూసి తల అడ్డంగ ఊపిండు.

ఇగ నేనే గడ్డపార తీసుకొని లోపలికి పోయిన. నాయిన చేను గట్టు ఇటుండె, మోట బాయి అటుండె అని మనసుల అనుకుంట మూడు తావుల చూపెట్టిన. కూలోళ్ళు క్రోటన్లు పీకి మూడడుగులు తవ్విండ్రు. మట్టే వచ్చింది. నాలుగో తావు చూపెడ్తనంటే మేనేజర్ నవ్విండు. "తోటంత పాడుజేస్తవా అవ్వా" అన్నడు. పెద్దాఫీసరు చాలు అన్నడు. బోరు కనబడలేదు అని రాసుకున్నరు. నేను మా ఇంటి బోరు నీళ్ళు రెండు సీసాలు పట్టిస్తే, వాటి మీద చీటీ అంటించి తీసుకున్నరు. రిపోర్టు వచ్చేదాక నేను, మీ బావ ఈ ఇంట్లనే ఉంటం. ఆ తర్వాత తాళంచెవి సర్పంచ్‌కు ఇస్త.

లక్ష్మణ్ చెప్పింది ఇది. నువ్వు ఎనిమిదీ ఇరవైకి మేడ్చల్ బస్టాండుల దిగినవ్. ఆటోల కూసున్నవ్. "అక్క ఏమన్న అన్నదా?" అని అడిగినవ్. "ఏమనలే, రొట్టె పంపింది" అని మూట చేతికిచ్చిండు. రైల్వే గేటు దాటినంక ఆపుమన్నవ్. చాలా సేపు రోడ్డు పక్క నిలబడ్డవ్. ఆడు "పోదమన్నా, యాల్లయితాంది" అన్నడు. ఎనుకకు తిప్పుమన్నవ్. గేటు నుంచి ఎన్ని అడుగులో గదన్న చెప్పి పో అన్నా అని ఆడు బతిమిలాడిండు. నువ్వు చెప్పలే. మల్ల వస్తవేమోనని ఆడు పదకొండు దాక బస్టాండులనే చూసిండు.

ఆఫీసరోళ్ళు ఒంటిగంటకు పోయిండ్రు. నువ్వు తొమ్మిదిన్నర బస్సుకే పోయినవ్.

శంకరమ్మ